సుడి బాగాలేని దున్న

నాచారం,
ఆదివారం.

ప్రియమైన అక్కకు,

నీ తమ్ముడు నరేష్ దండం పెట్టి రాస్తున్న ముచ్చట్లు. నువ్వు, బావ, అత్తమ్మ, పిల్లలు, కొట్టంలో బర్రెలు అంతా కులాసాయే కదా. అత్తమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేనిక్కడ బాగున్నాను, వేళకు తింటున్నాను, ఫికరు చేయకు. ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుతావేమో. ఫోన్ చేస్తే బావ స్పీకర్ పెడతాడు. కొన్ని మాటలు స్పీకర్లో చెప్పేవి కావు.

ఎండలు మస్తుగా ఉన్నాయి. మెస్సులో పప్పు నీళ్లనీళ్లగా ఉంటుంది, ప్యాకెట్ పాల చాయ్ ఇప్పటికీ నోటికి ఎక్కలేదు. ల్యాబులో పని మామూలే. ఊళ్ల నుంచి వచ్చే పశువుల నెత్తురు, వెంట్రుకల నుంచి జన్యువులు చదవడం. రోజంతా పశువుల లెక్కలే, ఒక్క పశువు మొహమూ కనబడదు. తోచకపోతే ఉప్పల్ పోయి మనవైపు పోయే బస్సులు చూసి వస్తాను. ఒంటరిగా ఉన్నానని కాదు, ఊరికే.

ఆ ఉప్పల్లోనే కదా, రెండు నెలల కింద బస్సు డ్రైవర్ నా చేతిలో జున్ను డబ్బా పెట్టింది. అత్తమ్మ పంపిందని అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ జున్నుపాలు మన పెద్ద బర్రెకు పుట్టిన ఆడదూడ, ఆ పడ్డ, తొలి ఈతవి. ఆ పడ్డ పుట్టిననాడు "దీని పాలు నేను ముట్ట" అని బొట్టు కూడా పెట్టని మనిషి ఆమె. అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడి సగం డబ్బా తిన్నాను. కండ్లలో నీళ్లు తిరిగాయి.

నీ పెళ్లికి నాన్న అరణమిచ్చిన పెద్ద బర్రె ముసలిదైంది, అదే ఆఖరు చూలు కావచ్చని అప్పుడు నువ్వెంత దిగులు పడ్డావు. దాని పోలికతో ఒక్క పడ్డ మిగలాలని నీ ఆశ. బావేమో కొమ్ములు మెలితిరిగిన ఊరి దున్నపోతుకే దాటించాలన్నాడు. నేను వేరే దున్న వీర్యంతో సూది వేయించమని దాని ఫోటో, లెక్కల కాగితం పంపాను. ఆ దున్న కూతుళ్లు, తల్లి, అక్కచెల్లెళ్లు ఇచ్చిన పాలు చూసి, జన్యువులు కూడా చదివి, దానికి పుట్టే పడ్డలు సగటు కన్నా ఎంత ఎక్కువ ఇస్తాయో వేసిన అంచనా అది. బ్రీడింగ్ వాల్యూ అంటారని చెబితే బావ ఏమన్నాడో గుర్తుందా? "దున్నపోతుకు పాల లెక్కేంది బామ్మర్ది? దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టున్నది." అత్తమ్మ ఫోటో ఒక్కటే చూసింది. "వెన్ను మీద సుడి సక్కగ లేదు. దీని దూడ ఇంట్ల అడుగువెడితే ఇల్లు గుల్లయితది" అన్నది.

ఇద్దరినీ కాదని నా మాట మీద నువ్వు సూది వేయించావు. నువ్వు ధైర్యంగానే ఉన్నావు, భయమంతా నాకే. అంచనా అంటే మాట ఇచ్చినట్టు కాదు. పుట్టేదానికి తండ్రి నుంచి ఏ సగం వస్తుందో, తల్లి నుంచి ఏ సగం వస్తుందో ఏ ల్యాబూ ముందే చెప్పలేదు. పడ్డ పెరిగి ఈనేదాకా ఏండ్ల తరబడి ప్రతి పండక్కీ బావ "నీ సుడిబర్రె ఎట్లున్నది" అంటుంటే, నవ్వి మాట మార్చేవాణ్ణి. పాలు తగ్గితే ఆ మాటలు పడేది నేను కాదు, నువ్వు.

తగ్గలేదు. తల్లి తొలి ఈతలో ఇచ్చినదానికన్నా పూటకు లీటరున్నర ఎక్కువ. నువ్వు ఫోన్లో చెప్పినప్పుడు ల్యాబులో గట్టిగా ఈల వేశాను, మా సారు తిట్టాడు. తిట్టనీ. మనం గెలిచాం అక్కా.

ఇప్పుడు అసలు పని. గెలిచిన ఊపులో బావ "గదే దున్న సూది మల్ల ఏపిద్దాం, ఈ పడ్డకు గూడ" అంటున్నాడు. వద్దు అక్కా, ఎట్టి పరిస్థితిలో వద్దు. మనిండ్లల్లో మేనరికాలు కొత్త కాదు గానీ, ఇది మేనరికం కాదు, అది దాని కన్నతండ్రి. పుట్టేవి నాసిగా పుడతాయి. మిగతా బర్రెలకు దాన్నే వేయించండి, ఈ పడ్డకు మాత్రం వేరే దున్న. మూడు వేరే దున్నల లెక్కలు దీంతో పంపుతున్నాను. పాలొక్కటే కాదు, వెన్న ఎంతో కూడా చూడు. ఈసారి నేను చెప్పను, ఎంచేది నువ్వే.

అట్లనే నా పాత దుప్పటి, పచ్చిపులుసులోకి కాస్త నువ్వుల పొడి బస్సులో పంపు.

ఇంకొక్క మాట. ఇది నీకు చెప్పొద్దని బావ నాతో ఒట్టు వేయించుకున్నాడు. నేను వేశాను, కానీ ఉత్తరం రాయనని వేయలేదు. మొన్న పాలకేంద్రం దగ్గర నలుగురు కూడి ఏ దున్న సూది వేయించాలని ఆయన్నే అడిగారట. బావ ఏమన్నాడో ఆయన మాటల్లోనే రాస్తున్నాను: "నన్నడుగుడేంది? మా ఇంట్ల బర్రెల ముచ్చట మా ఆమెకే ఎరుక. ఆమె ఏది జెప్తే గదే."

అత్తమ్మకు, బావకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. నీ దీవెన కోరుతూ,

నీ తమ్ముడు
నరేష్