పవిత్ర ఆకలి

ఊరుగాం,
మార్చి 9

మామకు నేత్రావతి నమస్కారాలు.

ఇక్కడ అమ్మమ్మ, పవిత్ర, నేను ముగ్గురం కుశలమే. మీ వెన్నునొప్పి తగ్గిందనీ, హట్టి బంగారు గనిలోకి మళ్లీ దిగుతున్నారనీ మీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అమ్మకు ఆ పూట అన్నం సయించింది. గదిలో నలుగురి మధ్య ఫోన్లో మాట్లాడలేక ఉత్తరం రాశానన్నారు. నాకూ ఇదే నయం. ఫోన్లో మనం రెండు మాటలు మాట్లాడితే మూడోది గొడవ అవుతోంది.

అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. పవిత్ర బడికి వెళ్తోంది. మధ్యలో పదిహేను రోజులు మానిపించిన మాట నిజమే. పక్క పిల్లల డబ్బాలు తెరిచి తింటోందని టీచరు నన్ను పిలిపించింది. ఇప్పుడు ఆమెకు సంగతి చెప్పి వచ్చాను, పిల్లను తన దగ్గర కూర్చోబెట్టుకుంటోంది. బరువు మాత్రం తగ్గలేదు. పోయిన వారం తూచితే అరవై ఎనిమిది కిలోలు. ఆవని కొండ గుడి మొక్కు తీర్చాం. పవిత్ర కొండ సగం ఎక్కి ఆయాసంతో కూర్చుండిపోయింది. నేను దానికి తోడుగా ఉండిపోతే అమ్మమ్మ ఒక్కతే పైకి వెళ్లి టెంకాయ కొట్టి వచ్చింది.

పిల్లను బెంగళూరు ఆసుపత్రికి తీసుకెళ్లావట, నాకెందుకు చెప్పలేదు అని అడిగారు. పవిత్రకు తొమ్మిదేళ్లు నిండాయి, ఇంకో బిడ్డ సంగతి ఏమంటావని కూడా రాశారు. రెండింటికీ జవాబు ఒకటే. అది చెప్పాలంటే నా పని సంగతి చెప్పాలి.

నేను ఎలుకల దగ్గర పని చేస్తానని మీకు తెలుసు. అక్కడ ఏం చేస్తానో మీరు అడగలేదు, నేనూ చెప్పలేదు. పొద్దున మారికుప్పం రైలెక్కి, బెంగళూరులో దిగి, బస్సు పట్టుకుని ఆ పరిశోధన సంస్థకు పోతాను. గంప కింద, బొక్కలో తిరిగే ఎలుకలు కావవి. పరిశోధన కోసమే పెంచినవి, చేతిలోకి తీసుకుంటే ముడుచుకుని కూర్చుంటాయి. బోన్లు కడగడం, కింద పొట్టు మార్చడం, మేత తూచి పెట్టడం, మిగిలింది మళ్లీ తూచి రాసి పెట్టడం నా పని. నాకు పని నేర్పింది రామాంజినప్ప. ముళబాగిలు పక్క మనిషి, ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్నాడు.

పోయిన ఏడాది జూన్‌లో, అక్కడ పరిశోధన చేసే వినోదిని మేడం పనికోసం కొత్తరకం ఎలుకలు వచ్చాయి. తల్లి, తండ్రి సన్నగా మామూలుగానే ఉంటాయి. పిల్లలు పుట్టినప్పుడూ అన్నీ ఒకేలా ఉంటాయి. నెల దాటేసరికి ఒకటో రెండో లావెక్కడం మొదలవుతుంది. రెండు నెలలకు అక్కచెల్లెళ్లను పక్కపక్కన పెడితే ఒకే తల్లి పిల్లలంటే నమ్మలేం. లావుది ఎప్పుడూ మేత దగ్గరే ఉంటుంది. కదలదు. చలికి తట్టుకోలేదు.

ఆగస్టులో మేడం నాకు ఒక పని పెట్టింది. సన్న ఎలుక ఎంత తింటే, లావు ఎలుకకు సరిగ్గా అంతే తూచి పెట్టాలి, ఒక్క పలుకు ఎక్కువ కాకూడదు. నాకది న్యాయంగా తోచింది. తిండి తగ్గితే ఒళ్లు తగ్గుతుందని నాకు బాగా తెలుసుననుకున్నాను. ఆరు వారాలు అట్లాగే పెట్టాను. లావు ఎలుకకు కొవ్వు పడుతూనే ఉంది. మేత అయిపోయాక అది బోను కమ్మీలు కొరికేది. నేను గదిలో ఉన్నంతసేపూ కటకటమని ఆ చప్పుడే. నేనే తప్పు తూచానేమోనని తక్కెడ మార్చి చూశాను. తర్వాత రామాంజినప్ప దొంగతనంగా ఏమైనా వేస్తున్నాడేమోనని ఆయన్నే అడిగేశాను.

ఆయన కోప్పడలేదు. "నేనేమీ వెయ్యలేదమ్మా. దాన్ని తిట్టబాక. చాలు అని లోపలినించి చెప్పేది దానికి యాడా లేదు. ఎప్పుడు చూసినా దానికి ఆకలే ఉండాది" అన్నాడు.

ఆ మాట పట్టుకుని మధ్యాహ్నం మేడం గదికి వెళ్లి, అంటే ఏంటని అడిగాను. ఆమె కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఒంట్లో కొవ్వు ఉంటే, ఆ కొవ్వే రక్తంలోకి ఒక కబురు పంపుతుందట, ఇక చాలు అని. మెదడులో కణాల పైపొర మీద ఆ కబురు అందుకునేది ఒకటి ఉంటుంది, దాన్ని రిసెప్టర్ అంటారు. ఈ ఎలుకల్లో అది పుట్టుకతోనే చెడిపోయి ఉంది. కబురు మామూలు ఎలుకలకన్నా ఎన్నో రెట్లు పోతూనే ఉంటుంది. అందుకునేవాళ్లు లేరు. ఆకలి తీరడానికి ఒక్కదానికే కాదు, ఒంటి వేడి నిలవడానికి, ఈడు రావడానికి, ఎముకలకు, జబ్బులతో పోరాడటానికి కూడా అదే కావాలట. అందుకే ఆ ఆడ ఎలుకలకు పిల్లలు పుట్టవు. తిండి కొలిచి పెట్టినా, తిన్నదాన్ని ఒళ్లు ఖర్చు పెట్టకుండా కొవ్వుగా దాచుకుంటుందట.

నేను అన్నీ విని, "మనుషుల్లో గూడా ఇట్ల ఉంటాదా మేడం?" అని అడిగాను. చాలా అరుదు, కానీ ఉందని చెప్పింది. ఎందుకు అడుగుతున్నావంది. పవిత్ర గురించి చెప్పాను. పాలు ఎంత తాగినా చాలక ఏడ్చేదని, ఏడాదికే పదిహేను కిలోలుందని, ఎప్పుడూ చెవిలో చీము, దగ్గు, జ్వరం అని. ఆమె, మీ ఆయన నీకు బంధువా అని అడిగింది. మా అమ్మకు సొంత తమ్ముడు, నాకు మేనమామ అన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా తనకు తెలిసిన పిల్లల డాక్టరుకు చీటీ రాసి ఇచ్చింది.

దసరా అయ్యాక పవిత్రను తీసుకెళ్లాను. మా ఇద్దరి రక్తం తీశారు. మీకు చెప్పకపోవడానికి కారణం, ఏమీ లేదని వస్తే నవ్వుతారని కొంత. ఉందని వస్తే ఏమంటారోనని ఎక్కువ. జనవరిలో రిపోర్టు వచ్చింది. ఆ ఎలుకల్లో చెడిపోయిందే పవిత్రలోనూ చెడిపోయింది. అందులో ఒక సగం నా నుంచి వచ్చింది. రెండోది మీ నుంచే రావాలని డాక్టరు చెప్పాడు. మనలో సగమే చెడి ఉంది కాబట్టి మనకేమీ తెలియలేదు. మన ఇద్దరిదీ ఒకే ఇంటి రక్తం కాబట్టి పిల్లలో రెండూ కలిశాయి. పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అట్లా అయ్యే అవకాశం ఉంది. రెండో బిడ్డ వద్దని నేననడం లేదు మామా. మీరు వచ్చినప్పుడు ఇద్దరం వెళ్లి ఆ డాక్టరు ఎదుట కూర్చుందాం. తర్వాతే ఆ మాట.

వేరే దేశాల్లో దీనికొక సూదిమందు ఉందట, ఇక్కడ ఎప్పుడు దొరుకుతుందో డాక్టరు చెప్పలేకపోయాడు. అంతవరకు వేళకు తిండి, కొలత, నడక. వంటింటికి తాళం వేయవచ్చునన్నాడు. అయితే అది శిక్ష కాదని పిల్లకు తెలియాలి, తర్వాతి తిండి ఎప్పుడో ముందే చెప్పాలి అన్నాడు.

అమ్మమ్మకు చెప్పడానికి నెల పట్టింది. మన పెళ్లి చేసింది ఆమే కదా. నేను చెప్పాక మూడో రోజు రాగులు చెరుగుతూ, నేను అడక్కుండానే చెప్పింది. "నీ మొగునికి ముందు నాకొక ఆడబిడ్డ ఉండె. పిల్లమ్మ. ఇట్లే లావుగా, సంగటి కుండ ఇడిసేది కాదు. చూసినోళ్లంతా దిష్టి తగులుతాది అనేవాళ్లు. మూడేండ్లకు జరమొచ్చి పోయింది. దాన్ని నేను కొట్టినాను నేత్రా, తిండికోసరం కొట్టినాను." మీ నాయన కూడా ఆమెకు మేనమామే కదా. మీకు ఇంకో అక్క ఉండేదని మీకు తెలుసో లేదో, నాకు తెలియదు. మా అమ్మ కూడా నాకెప్పుడూ చెప్పలేదు.

ఆమె చెప్పింది కాబట్టి నేనూ చెప్పాలి. ఇన్నాళ్లూ దాచాను.

పోయిన ఆషాఢంలో వీడియోలో పవిత్ర చేతికి కట్టు చూసి ఏమైందని అడిగారు. గంజి ఒలికిందన్నాను. అబద్ధం. ఆ రోజు రైలు ఆలస్యమైంది. టేకల్ దగ్గర గంటసేపు ఆగింది. ఇంటికి వచ్చేసరికి వంటింటి గొళ్లెం ఊడదీసి ఉంది. పవిత్ర కింద కూర్చుని పచ్చి రాగిపిండి గుప్పిళ్లతో తింటోంది. ఇక దొంగతనంగా తిననని ముందురోజే దానిచేత దేవుడి ముందు ఒట్టు వేయించాను. నేనేమీ అరవలేదు. పొయ్యి వెలిగించాను, అట్లకాడ కాల్చాను, ముంజేతికి వాత పెట్టాను. అమ్మమ్మ వచ్చి నన్ను తోసేదాకా చెయ్యి పట్టుకునే ఉన్నాను. అది ఏడుస్తూనే, నోట్లో ఉన్న పిండి మింగింది. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది, అంతే. అప్పటికి నాకు జాలి అన్నది లేదు. ఆ మచ్చ అలాగే ఉంది. నేను రోజూ జడ వేసేటప్పుడు కనబడుతుంది.

ఆ తర్వాత నెలే నేను ఎలుకకు మేత తూచి పెట్టింది. అది కమ్మీలు కొరుకుతుంటే నాకు కోపం రాలేదు, పాపమనిపించింది. నా పిల్ల దగ్గర ఆ జాలి ఎందుకు రాలేదో నేను ఎవరితోనూ అనలేను. మీతో అంటున్నాను. మీరు నన్ను ఏమన్నా పడతాను. మీరు పవిత్రను ఏమన్నారో, కంచం లాక్కుని వాకిట్లోకి ఎందుకు విసిరారో, అది మీరే తలచుకోండి. నేను రాయను.

పోయిన ఆదివారం పవిత్రకు చెప్పాను. పెద్ద మాటలు లేకుండా, నీ ఒంట్లో చాలు అని చెప్పే కబురు అందడం లేదు, అది నీ తప్పు కాదు అన్నాను. దాని చెయ్యి పట్టుకుని, ఇది నేను చేసిన తప్పు అన్నాను. అది నన్ను చూడలేదు. గౌను అంచు మడుస్తూ కూర్చుంది. తర్వాత, "అయితే నేను దొంగదాన్ని కాదా అమ్మా?" అని అడిగింది.

కాదన్నాను.

"నాయినకు తెలుసునా?"

రాస్తానన్నాను.

"ఇంగ నన్ను అట్ల పిలవొద్దని గూడా రాయి" అంది.

రాశాను.

ఇట్లు,
మీ అక్క కూతురు, మీ భార్య,
నేత్రావతి