ఇంజిన్ లేని పెళ్లికారు

ఖమ్మం

ప్రియమైన స్తుతీ,

నీ ఉత్తరం కండక్టర్ ముత్యాలు గారు షెడ్డుకే తెచ్చిచ్చారు. "మీ టీచరమ్మ తండకు సిగ్నల్ వచ్చేదాంక పోస్ట్‌మ్యాన్‌ను నేనే గద" అని నవ్వారు.

మీ తండా దగ్గరి సారపాకలో మెకానిక్ పని దొరుకుతుంది, వచ్చెయ్యమని మళ్లీ రాశావు. రావాలనే ఉంది. కానీ నాన్న బతికినన్నాళ్లూ టాక్సీగా తిప్పిన ఫియట్‌ను సగంలో ఎలా వదిలేది? ఇంజిన్ బాగుపడింది. తలుపులు, బానెట్, మడ్‌గార్డులు మాత్రం వేలితో నొక్కితే తుప్పై రాలుతున్నాయి. ఆ రేకులు ఇప్పుడెక్కడా కొత్తవి దొరకవు. మీ తండాలో అలాంటి కారే ఒకటి ఊరికే పడి ఉందన్నావుగా! దాని రేకులు విప్పుకుంటే నా బండి తయారు. అందులోనే నీ బడి ముందు దిగుతా, ఇక వెనక్కి వెళ్లను. అడిగి చూడు.

నీ బెంజి

•

ప్రియమైన బావా,

అడిగాను. అది ఊరికే పడి లేదు. ద్వాలమ్మది. ఆమె భర్త రూప్‌సింగ్ నడిపేవాడట. ఆయన పోయాక ఇంజిన్ తీసేశారు. ఏటా వానలకు ముందు ఆమె దానికి ఒళ్లంతా ఇప్పనూనె రుద్దుతుంది. నీకు పండగే, ఎక్కడా తుప్పు లేదు! సాయంత్రాలు నేను అందులోనే కూర్చుంటాను. గాలికి కొమ్మలు ఊగుతుంటే చెట్లే వెనక్కి పోతున్నట్టు, నేనెక్కడికో ప్రయాణమైనట్టు ఉంటుంది. ఈ ఉత్తరం అక్కడి నుంచే.

"నీ పెనిమిటి వస్తడంటే తీస్కపో బిడ్డా. ఒంటిగ ఎన్ని పొద్దులుంటవ్? మా ప్రమీల పెండ్లి ఒక్కటి కానియ్" అంది. ప్రమీల ఆమె మనవరాలు. కారుకూ పెళ్లికీ ఏం సంబంధమో అడగలేదు. నువ్వు వస్తున్నావన్న సంతోషంలో ఇంకేమీ తోచలేదు.

నీ స్తుతి

•

ఖమ్మం

ప్రియమైన స్తుతీ,

ఇంజిన్ లేని కారుతో పెళ్లిలో ఏం పని? నాకు కోపమొచ్చింది, రాయకుండా ఉండలేను. ఇక్కడ ఒక్కో రోజు ఎలా గడుస్తోందో నీకేం తెలుసు!

మొన్న నాన్న బండి ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేశా. కళ్లు మూసుకుని వింటుంటే ఆయన పక్కన కూర్చుని నేలకొండపల్లి రోడ్డు మీద పోతున్నట్టే ఉంది. కళ్లు తెరిస్తే చిల్లుల తలుపు. పెళ్లయిన మర్నాడే పానాలు, కట్టర్‌తో వస్తున్నా. ద్వాలమ్మకు చెప్పి ఉంచు.

బెంజి

•

ప్రియమైన బావా,

పెళ్లయింది. మంచు ఇంకా విడవని పొద్దున ప్రమీలను ఆ కారులో కూర్చోబెట్టారు. తండాలో ప్రతి ఆడపిల్లనూ ఇలాగే సాగనంపుతారట. మగవాళ్లు తోస్తుంటే అది చప్పుడు లేకుండా ఇప్పపూలు రాలిన బాట మీద కదిలింది. లోపల ప్రమీల ఢావ్లో పాడుతూ ఏడ్చింది, పుట్టింటిని విడిచే పాట. నేనూ ఓ చెయ్యి వేశాను. ఎటు వెళ్తున్నామో తెలియలేదు, కలలో నడిచినట్టుంది. రోడ్డు దగ్గర ఆమె దిగాక ఖాళీ కారును వెనక్కి తోసుకొచ్చాం.

నా క్లాసు పిల్ల ఒకతి వచ్చి "టీచర్, నాక్కూడ ఇదే గద?" అని అడిగింది. ద్వాలమ్మ మాత్రం "మాట మాటనే. తీస్కపొమ్మను" అంది.

ఆ తలుపులు ఊడితేనే నువ్వు నా దగ్గరికొస్తావు. వద్దనడానికి నోరు రావడం లేదు. వచ్చి విప్పుకో. నువ్వు విప్పుతుంటే మాత్రం నేను చూడలేను, బావా.

నీ స్తుతి

•

ఖమ్మం

ప్రియమైన స్తుతీ,

పానాలు సర్దుకున్నాక నీ ఉత్తరం వచ్చింది. సంచీ పక్కన కూర్చుని రెండోసారీ చదివాను. ఇన్నాళ్లూ ఆ కారును విప్పి నా బండికి అతికించాలనే చూశాను. తిప్పి ఆలోచించనే లేదు.

నాన్న ఇంజిన్ విప్పేశాను. బండి రేకులు పాత ఇనుము లారీలో వెళ్లిపోయాయి. లారీ మలుపు తిరిగేదాకా బాగానే ఉన్నా, ఆ తర్వాత షెడ్డులోకెళ్లి బాగా ఏడ్చాను. ఇప్పుడు తేలిగ్గా ఉంది. ఎక్కడో ఒకచోట ఆ ఇంజిన్ తిరిగితే చాలు.

ద్వాలమ్మను నా మాటగా అడుగు. ఆమె ఒప్పుకుంటే దాన్ని ఆ కారులో బిగిస్తా. పెళ్లిళ్లప్పుడు ఇంజిన్ ఆపి ఎప్పటిలాగే తోసుకోవచ్చు. మామూలు రోజుల్లో ఎవరినైనా దవాఖానాకు తీసుకెళ్లడానికి పనికొస్తుంది. వద్దంటే సారపాకలో అమ్మేసుకుంటా.

ఆమె ఏమన్నా సరే, షెడ్డు ఖాళీ చేసేశా. ముత్యాలు గారి బస్సు మీద ఇంజిన్, లోపల నేను. ఈ ఉత్తరమూ నా జేబులోనే వస్తోంది, నేనే చేతికిస్తా.

నీ బెంజి