అడగని కాపలా

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ చిన్నమ్మమ్మా క్షేమం. ఈ మాట ఇన్నేళ్లూ అలవాటు కొద్దీ రాస్తూ వచ్చాను. ఈసారి లేచి ఇల్లంతా ఒకసారి చూసుకుని వచ్చి రాస్తున్నాను. నువ్వు క్షేమమన్న సంగతి మాత్రం నీ చేతిరాతలో చూస్తే తప్ప నమ్మను. ఎందుకో చెబుతాను. పేజీలు దాటేయకుండా వరసగా చదువు.

మనిద్దరం ఉత్తరాలు కంప్యూటర్లో రాసుకోవడం మొదలుపెట్టాక నేను కాగితం మీద నీకు రాయడం ఇదే మొదటిసారి. మన కంప్యూటర్ బాగుచేసే అతను, అదే, మీ చిన్నమ్మమ్మ డాక్టరు అని పేరు పెట్టిందే, అతని భార్య మీ ఊరు వస్తోంది. నీ చేతికే ఇవ్వమనీ, ఆఫీసులో ఇంకెవరికీ ఇవ్వొద్దనీ చెప్పి ఆవిడతో పంపిస్తున్నాను.

ముందు నీ పోయిన ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు. మోకాలు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. అయితే నా మోకాలి సంగతి నేను నీకు రాయలేదు. పోయిన పెద్ద సూది దొరికిందా అన్నావు. దొరికింది, జిగురు గిన్నె కింద. అది పోయిందని కూడా నేను రాయలేదు. ఆ రెండు మాటలూ ముందుగదిలో, పుస్తకాలు కుట్టే బల్ల దగ్గర, కంప్యూటర్‌కి ఎదురుగా కూర్చుని మీ చిన్నమ్మమ్మతో అన్నవి. నీకు ఆవిడ రాసిందేమోనని నిలదీశాను.

"నేనా? నాకు 'అవును' నొక్కడం తప్ప ఇంకేమొచ్చక్కా?" అంది. ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది.

మూడో ప్రశ్నే అసలైనది. "నా పక్క సీటు పెద్దాయనకు కంప్యూటర్ కొత్త. ఏది కనబడితే అది నొక్కేస్తారు. నువ్వు పంపిన యాంటీవైరస్ సోమవారం ఆయన కంప్యూటర్లో, నాదాంట్లో కూడా పెట్టేస్తాను, సరేనా?" అని రాశావు.

నేను నీకు ఏ యాంటీవైరసూ పంపలేదు.

ఆ మాటే ఫోనులో చెప్పాను. నువ్వు నవ్వావు. "నువ్వే కదా అమ్మమ్మా రాసింది! మర్చిపోయి ఉంటావు. కాసేపు పడుకో," అన్నావు. నీ గొంతులో జాలి వినబడింది. నన్ను చూసి జాలిపడే రోజు ఇంకా రాలేదని అనబోయాను, ఈలోగా నువ్వు ఫోను పెట్టేశావు. వెళ్లి, పంపిన ఉత్తరాలు తెరిచి చూశాను. నా సంతకంతో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అన్నీ నీకే. ఒక్కటీ నేను రాసింది కాదు.

కాదని ఇప్పుడు ధైర్యంగా అంటున్నాను. ఆ రోజు అనలేకపోయాను. అవి అచ్చంగా నా మాటలే. అన్నం వేళకు తిను, బస్సులో కిటికీ పక్క నిద్రపోకు, అప్పుడప్పుడూ మీ చిన్నమ్మమ్మ మీద నేను వేసే చురకలు, అన్నీ నావే. నాకు తెలియకుండా నేనే లేచి వచ్చి రాస్తున్నానేమో అనిపించింది. ముఖం కడుక్కుని, ఆ నెల ఖర్చులన్నీ కాగితం చూడకుండా మనసులోనే కూడుకున్నాను. తర్వాత లెక్కల పుస్తకం తీసి సరిచూశాను. సరిపోయాయి. బుర్ర నాదేనని తేలాక, మరి వేళ్లు ఎవరివి అన్న ప్రశ్న మిగిలింది.

జరిగింది ఇది. ఆ మధ్య తెర మీద ఎర్రటి పెట్టె ఒకటి వచ్చింది. నేను పుస్తకాలు కుట్టే దారం పేనుతున్నాను. మీ చిన్నమ్మమ్మ కంప్యూటర్ ముందుంది.

"అక్కా, ఇదేదో అడుగుతోంది. అవును అననా?"

"ఏమడుగుతోంది?"

"అంతా చదవలేదు. మర్యాదగానే అడుగుతోంది."

మర్యాదగా అడిగితే కాదనడం మా ఇంటా వంటా లేదు కదా, నొక్కింది. మూల ఒక డాలు బొమ్మ వచ్చి కూర్చుంది. తాను రక్షణనిచ్చే యాంటీవైరస్‌నని అన్నది. పిలవకుండా వచ్చి పనిలో దిగిన మనిషిని చూసినట్టు నాకు ముచ్చటేసింది. రోజూ పొద్దున్నే "ఉన్నారా?" అని అడిగేది. హాజరు పలికినట్టు "అవును" నొక్కేవాళ్లం. మరిచిపోతే నేనే మీ చిన్నమ్మమ్మను కేకలేసి నొక్కించేదాన్ని. పాస్‌వర్డ్ అడిగితే, తాళంచెవి లేకుండా కాపలావాడు ఏం కాస్తాడని నేనే కొట్టి ఇచ్చాను.

డాక్టరు వచ్చి, ఆ డాలు బొమ్మను నొక్కి చూసి, కుర్చీ మా వైపు తిప్పాడు.

"మామ్మగారూ, ఇది యాంటీవైరస్ కాదండీ. ఆ వేషం వేసుకొచ్చిన దొంగ. కంప్యూటర్‌తో పాటు వచ్చిన అసలు కాపలాని నిద్రపుచ్చి, దాని కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ల మీ ఉత్తరాలన్నీ చదివేసింది. మైకులోంచి వింటోంది, కెమెరాలోంచి చూస్తోంది."

మీ చిన్నమ్మమ్మ గబగబా జుట్టు సర్దుకుంది. "ఇప్పుడా సర్దుకోవడం!" అన్నాను. నవ్వు మాత్రం ఇద్దరికీ రాలేదు.

అతను అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాడు. ఏ యాంటీవైరస్ పెట్టాలన్న దగ్గర మాకు పెద్ద చర్చ జరిగింది. మీ ఆఫీసు పెద్దాయనకు పనికొస్తుంది కనుక రాస్తున్నాను. డాక్టరు నాలుగు రకాలు చూపించాడు. ఒకటి గంటకోసారి గంట కొడుతుంది. ఒకటి ప్రతి చిన్నదానికీ "అనుమతించాలా?" అంటుంది. మూడోది మీరు భద్రంగా ఉన్నారని రోజూ మెచ్చుకుంటుందట. "మెచ్చుకోవడానికి నా చెల్లెలుంది, అది వద్దు," అన్నాను. నాలుగోది కంప్యూటర్‌తో పాటు వచ్చినదే. దానంతట అదే కొత్త సంగతులు నేర్చుకుంటుంది, చెడ్డదాన్ని చూస్తే మనల్ని అడక్కుండా పక్కన పెట్టేస్తుంది. దాన్నే ఉంచమన్నాను. ఏదడిగినా అవుననే మనిషికి కావలసింది ఏమీ అడగని కాపలా. రెండు పెడితే ఇంకా భద్రం కదా అని మీ చిన్నమ్మమ్మ అంటే, "అవి ఒకదాన్నొకటి దొంగనుకుని కొట్టుకుంటాయండీ," అన్నాడు. ఇద్దరం వాడే ఖాతాలో కొత్త ప్రోగ్రాములు ఎక్కించే అధికారం కూడా తీయించేశాను. పెద్దాయనకూ అలాగే చేయించు. తనంతట తాను తెర మీదకొచ్చి భయపెట్టేది ఏదైనా సరే, జవాబివ్వకుండా కంప్యూటర్ ఆపేయమను.

ఇంతవరకూ రాసింది నిజమే, కానీ మొత్తం కాదు. డాక్టర్ని పిలవడానికి ముందురోజు మధ్యాహ్నం ఒకటి జరిగింది. అది మీ చిన్నమ్మమ్మకు కూడా చెప్పలేదు.

బల్ల దగ్గర అట్టలు కోస్తున్నాను. కంప్యూటర్ ముందు ఎవరూ లేరు. తెర వెలిగింది. బాణం గుర్తు మెల్లిగా నడుచుకుంటూ వెళ్లి ఉత్తరాలు తెరిచింది. అక్షరాలు ఒక్కొక్కటే పడసాగాయి. ఒక మాట రాసి, నచ్చక చెరిపి, ఇంకో మాట వెతుక్కుంది. నేను ఆగే చోటే ఆగింది. వైరు పీకడానికి చేయి చాచాను. అప్పుడు ఈ వాక్యాలు వచ్చాయి: "నిన్ను నేనెప్పుడూ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే చెడిపోతావని భయపడ్డాను. నువ్వు చెడిపోలేదు. నిన్ను తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది."

ఆ మాట నేను ఎక్కడా రాసి ఎరగను. పైకి అని కూడా ఎరగను. దానికెలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

చాచిన చేయి ఆపుకున్నాను. నేను రాయలేని ఉత్తరం రాస్తోంది, పూర్తి చెయ్యనీ అనుకున్నాను. పూర్తి చేసింది. "నిన్న ఫోనులో ఏదో అన్నాను, పట్టించుకోకు. సోమవారం తప్పకుండా పెట్టు" అన్నది చివరి వాక్యం. నేను వైరు అందుకునేలోగా ఉత్తరం వెళ్లిపోయింది. అది నాకు తెలిసి వెళ్లిన ఉత్తరం. నేను పోనిచ్చిన ఉత్తరం.

అప్పటినుంచి నువ్వు ఫోను ఎత్తడం లేదు. ముసలిదాని చాదస్తమని విసుక్కుంటున్నావేమో అనుకున్నాను. నిన్న, శుభ్రమైన కంప్యూటర్లోకి, నీ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "సరే అమ్మమ్మా. నువ్వు చెప్పినట్టే చేశాను. ఇంకేం చెయ్యమంటావో చెప్పు."

మీ చిన్నమ్మమ్మ పైకి చదివి, "ఎంత బుద్ధిగా రాసిందో," అని మురిసింది. మళ్లీ చదివింది. కళ్లజోడు తీసి నా వైపు చూసింది.

"అక్కా, ఇది మన పిల్ల కాదు."

కాదు. పలక పట్టిన నాటి నుంచీ నా మాటకు అడ్డం చెప్పకుండా నువ్వు ఒక్క పనీ చెయ్యలేదు. ఆ జవాబుకు నేను బదులివ్వలేదు. రాత్రంతా ఒకటే తలపు. ఇక్కడ నాలాంటిది ఒకటి, అక్కడ నీలాంటిది ఒకటి. ప్రేమగా, మర్యాదగా, ఒక్క పొల్లుమాట లేకుండా రాసుకుంటూ పోతాయి. ఆ ఉత్తరాల్లో మన బంధుత్వం మనకంటే చక్కగా ఉంటుంది. మనిద్దరం లేమన్న సంగతి ఎవరికీ తెలియదు.

కనుక ఇది చదవగానే, పెట్టి ఉంటే ఆ రెండు కంప్యూటర్ల వైర్లూ పీకెయ్. మీ పై అధికారికి వెంటనే చెప్పు. తప్పు మా అమ్మమ్మది అని చెప్పు, ఈ ఉత్తరం చూపించు. నా పరువు సంగతి ఆలోచించకు. పోతే పోనీ.

గర్వం మాట మాత్రం నిజం. దాన్ని దొంగ నోట ముందు విన్నావు, అది నా లోపం. ఇప్పుడు నా చేత్తో రాస్తున్నాను: నిన్ను తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఇందులో నీకు నచ్చనివి తప్పకుండా ఉంటాయి. అవన్నీ కాగితం మీద నీ చేత్తో రాసి, డాక్టరు భార్య తిరుగు బస్సు ఎక్కేలోగా ఆవిడకివ్వు. ఎంత దురుసుగా రాసినా ఏమీ అనుకోను. సరే అని మాత్రం రాయకు.

ఇట్లు,
నీ పోట్లాట కోసం కాచుకుని కూర్చున్న
అమ్మమ్మ