నిండుగా రాలిన ఆకు

చిరంజీవి కోడలికి మామయ్య ఆశీస్సులు.

మన అబ్బాయి పరిశోధన కోసం చెట్లకు ఎరువు వేసి పరిశీలించిన అడవిలో, అతడు లేకుండా తొలిసారి రాలుటాకులు సేకరించిన దినమిది. అతని శ్రమ ఆగిపోతుందేమోనని బెంగపడ్డావు, ఆగలేదు.

నేలకు జారిన ఆకును నేను తిరిగి, రాలే ఆకులను పట్టేందుకు చెట్ల కింద కట్టిన వలలో వేయబోగా, అతనితో పనిచేసిన అమ్మాయి, "వద్దు బాబాయ్‌గారూ, మన్నంటితే లెక్కకు రాదు! నేనిలా చేస్తే సారు నా చేతిమీద ఒకటి వేసేవారు" అని నవ్వబోయి ఏడ్చింది.

మామూలు చెట్టు ఆకులోని భాస్వరాన్ని చాలావరకు వెనక్కి తీసుకున్నాకే రాలుస్తుందట. ఎరువందిన చెట్టు సారముండగానే విడిచేస్తుందట. మనవాడూ అలాగే నిండుగా రాలిపోయాడమ్మా.

అతని కళ్లజోడు తెస్తున్నాను. పెరటి పంపు బాగుచేయించావా? పాపకు దగ్గు తగ్గిందా?

ఆ రాలిన సారమంతా పాపకు చెంది, ఆ చిన్నతల్లి నిండు నూరేళ్లు పచ్చగా ఉండుగాక.