జెండా కర్రకు కట్టిన దట్టీ

ఉదయగిరి,
తేది 8-2-1983.

ఉదయగిరి తాలూకా తహసీల్దారు గారి సముఖమునకు, ఇక్కడి యువజన పతాక దళం అధ్యక్షుడు పెంచలనరసయ్య వ్రాసుకొన్న అర్జీ.

విషయం: దళంలో జెండా పట్టే బర్కతుల్లాకు మిలిటరీలో చేరుటకు కావలసిన సత్ప్రవర్తన సర్టిఫికెట్టు నిలిచిపోవుట, నిలిచిపోవుటకు కారణమైన గుడ్డముక్క గురించి.

అయ్యా,

తమరు ఈ తాలూకాకు కొత్త. గురువారం తమ ముందుకు రాబోయే పోలీసు రిపోర్టు ఒక కాగితానికి మించి ఉండదని విన్నాను. జరిగినది అంతలో పట్టదు. అందుచేత ఈ క్రింది అంశములు తమ దృష్టికి తేవడమైనది.

1. దళము పుట్టుక. నేను పూర్వం ఇక్కడి టూరింగు టాకీసులో గేటు ఉద్యోగిని. ఆ రోజుల్లో ఆట చివర తెరమీద జెండా ఎగిరేది, జనగణమన వచ్చేది. అది మొదలయ్యేలోపలే బయటపడాలని జనం తొక్కుకునేవారు. తలుపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడడం నా డ్యూటీ. జాతీయగీతానికి వీపు పెట్టి, జనం ముఖాలు చూస్తూ అన్నేళ్లు నిలబడిన పౌరుడు ఈ జిల్లాలో నేనొక్కడినే అయి ఉంటాను. ఒకసారి ఒక మోతుబరి నా చంక కిందనుంచి దూరబోయి ఇరుక్కుని, గీతం పూర్తయ్యేదాకా అట్లాగే వంగి ఉన్నాడు. అది మర్యాద చేసినట్టా, చేయనట్టా అని ఊళ్లో చాలాకాలం చర్చ జరిగింది. ఇది ప్రస్తుత విషయానికి సంబంధించినది కాదు. సంబంధించినది ఏమనగా, టాకీసు ఎత్తివేసిన పిమ్మట, ఎవరూ అడ్డం నిలవకుండానే జనం ఆగి నిలబడేటట్లు జెండాను తీసుకురావాలని నాకు పట్టుదల పుట్టి, కొందరు కుర్రవాళ్లను చేర్చి ఈ దళం పెట్టాను. స్కూలు వార్షికోత్సవమైనా, సహకార సంఘం భవనమైనా పిలిస్తే పోతాము. తెల్ల బట్టలు, సుద్ద పూసిన బూట్లు, జెండా ముందు, మేము వెనుక.

2. జెండా పట్టేవాని గురించి. మా కర్ర మనిషికి రెండింతల ఎత్తు. గాలి పట్టిందంటే పక్కకు లాగేస్తుంది. కవాతు నేర్పేవారు మాకు లేరు. అంత కర్రను ఊగకుండా, వాలకుండా ఊరంతా తిప్పగలవాళ్లు ఈ ప్రాంతంలో మొహర్రానికి పీర్లను ఎత్తేవాళ్లు మాత్రమే. లారీ డ్రైవరు నూర్ మహమ్మద్ ఇంట్లో అది తండ్రి నుంచి కొడుక్కు వచ్చే పని. ఆయన కొడుకు బర్కతుల్లాను అడిగి తెచ్చుకున్నాను. నడుముకు తోలుపట్టీ, అందులో కర్ర మొదలు, చూపు నేరుగా. పీరును ఎత్తినవాడు మళ్లీ దించేదాకా మాట్లాడడు, తల తిప్పడు, ఎవరినీ చేత్తో తొయ్యడు. దళానికి కూడా అదే నియమం పెట్టాను. పెట్టినది నేను, బర్కతుల్లా కాదు. ఇది రికార్డు చేయించగోరుతున్నాను.

3. సంఘటన. సీతారామపురం దారిలోని బండకిందపల్లెకు కరెంటు వచ్చిన సందర్భంగా సభ పెట్టి మమ్మల్ని పిలిచారు. తప్పెట కొట్టే కొండయ్యను మా ముందు నడవమన్నారు. ఆ ఊళ్లో పీర్ల పండగకు కొట్టేదీ అతనే. పొడుగాటి కర్ర పైకి లేచింది, పట్టినది నూర్ మహమ్మద్ కొడుకు. కొండయ్య చేతులు వాటంతట అవే పీర్ల దెబ్బ అందుకున్నాయి. తరువాత నిలదీశాను.

“ఏందిరా కొండయ్యా, జెండాకు ఆ దెబ్బ ఏంది?”

“మరి జెండాకు వేరే దెబ్బ ఉండాదా? ముందే చెప్పుంటే అదే కొట్టుందును గదా.”

జెండాకు వేరే దెబ్బ ఉంటే తమరు తెలుపగలరు.

ఆ దెబ్బ వినగానే వీధికి రెండు పక్కలా తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు బిందెలతో వచ్చి బర్కతుల్లా కాళ్లమీద నీళ్లు పోశారు. ఒకామె ఊదు పొగ పట్టింది. సుద్ద పూసిన బూట్లు బురదైపోయాయి. వాడు చూపు తిప్పలేదు. పక్కన నడుస్తున్న మా దళం కుర్రవాడు సామ్యేలు మాత్రం పళ్ల సందున “ఏం చేద్దాం పెద్దయ్యా?” అన్నాడు. “నడువు” అన్నాను. టాకీసులో జనం పారిపోయిన జెండాకు వీధి వీధంతా మొక్కుతుంటే, ఆపండని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

4. మాలకొండమ్మ గురించి. ఈమెది ఆ పల్లె. ఈమె కొడుకు మాల్యాద్రి మిలిటరీలో సిపాయి, ఎక్కడో మంచుకొండల్లో ఉన్నాడు. చలికాలం మొదలైనప్పటినుంచి జాబు లేదు. మొక్కు చెప్పుకొని పీరుకు గుడ్డ ముడివేయడం, దాన్నే దట్టీ అనడం, హిందువులకూ సాయిబులకూ కూడా ఈ ప్రాంతంలో వాడుక. సభ పందిరి ఇంకా కొంచెం దూరం ఉందనగా ఈమె ఎదురొచ్చి, చీరకొంగు చించి, జెండాకు దిగువన, బర్కతుల్లా పిడికిలికి ఎగువన, కర్రకు ముడివేసింది. నేను ముందుకు పరుగెత్తాను.

“అమ్మా, ఇది పీరు కాదమ్మా. గవర్నమెంటు జెండా.”

“నాకు తెలుసులేయ్యా. నా కొడుకు ఉండేది దీని కిందనే గదా. వాడి సంగతి దీన్ని అడక్క ఇంకెవర్ని అడిగేది?”

5. తదుపరి. వేదిక మీది అతిథిగారు లేచి నిలబడ్డారు. జాతీయ జెండాకు మతం గుడ్డ కట్టి ఊరేగించారన్నారు. పట్టినవాడి పేరేమిటని అడిగారు. చెప్పాము. పేరు విన్న తరువాత ఆయన గొంతు పెరిగింది. వెనకనుంచి ఎవరో ఒక మాట అన్నారు. దానికి ఇంకెవరో జవాబు చెప్పారు. చూస్తుండగానే, కలిసి నీళ్లు పోసిన వీధి రెండు గుంపులై ఎదురెదురుగా నిలబడింది. ఒకడు పందిరి గుంజ పెరికాడు. బర్కతుల్లా కర్ర దించలేదు. దించితే జెండా నేలకు తగులుతుందని. సబ్ ఇన్‌స్పెక్టరు వారు వచ్చి, జెండాతో సహా వాణ్ణి జీపులో ఎక్కించుకొని పోవడం వల్ల ఆ పూట తలలు పగలలేదు. అందుకు వారికి కృతజ్ఞులము. కర్ర జీపులో పట్టక, వాడు దాన్ని నిటారుగా పట్టుకొనే స్టేషనుదాకా పోయాడు. అప్పటినుంచి ఆ పల్లెలో ఎవరు ఏ టీకొట్టులో కూర్చుంటున్నారో జనం గమనిస్తున్నారు. పూర్వం ఉన్నది ఒకటే టీకొట్టు.

6. గుడ్డ గురించి. స్టేషనులో బర్కతుల్లాను వదిలిపెట్టి, జెండాను మడిచి భద్రం చేశారు. కర్రకున్న గుడ్డను విప్పమని కానిస్టేబులుకు చెప్పారు. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “మొక్కు తీరకముందే ఇంకొకరు ముడి విప్పితే, విప్పినోళ్ల ఇంటికి తగులుతుంది సార్” అన్నాడు. రెండో ఆయన్ను పిలిస్తే, “నాకు చంటిబిడ్డ ఉండాది సార్” అన్నాడు. చివరకు సబ్ ఇన్‌స్పెక్టరు వారే లేచి ముడిదాకా చెయ్యి చాపి, లోపల ఫోను మోగినట్టుందని వెళ్లిపోయారు. నాకు ఫోను వినపడలేదు; వయసు మీరిన చెవులు. కట్టినామె వచ్చి అందరి ముందర తన చేత్తో విప్పి, పొరపాటైందని చెబితే కేసు ఉండదని, లేకుంటే రిపోర్టు తమకు పంపుతామని తరువాత సెలవిచ్చారు. గురువారం ఆ కర్రను తమ కచ్చేరికే తెస్తారట.

బర్కతుల్లా మిలిటరీ సెలక్షన్లో పరుగు నెగ్గాడు, డాక్టరు పరీక్ష నెగ్గాడు. తమ సర్టిఫికెట్టు ఒక్కటే తక్కువ. వచ్చే సోమవారం అది చూపకపోతే పేరు కొట్టివేస్తారు.

“పోయి ఆమెను అడగరా,” అన్నాను.

“నేనడగను పెద్దయ్యా.”

“ఎందుకడగవు?”

“కొడుకు జాబు రాక ఆమె అల్లాడిపోతా ఉంటే, నా ఉద్యోగానికి మొక్కు విప్పమని ఏ మొహం పెట్టుకొని అడిగేది? పీరుకు కట్టిన ముడిని మా ఇంట్లో ఇంతవరకు ఎవురూ ముట్టలేదు.”

నూర్ మహమ్మద్ అక్కడే ఉన్నాడు. లారీ తాళాలు అరచేతిలో అటూ ఇటూ తిప్పుకుంటూ, “నువ్వన్నా చెప్పన్నా వాడికి” అన్నాడు. ఏమని చెప్పాలి? నేను గోడమీది సినిమా పోస్టర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఇది చెప్పేంత చదువు నాకు లేదు.

7. కోరిక. జెండాకే కాదు, కర్రకు సైతం ఏదీ కట్టరాదని నిబంధన ఉన్నదట. ఒప్పుకొంటున్నాము. పొరపాటు జరిగింది. అవమానం మాత్రం జరగలేదు. ఈ రెండింటికీ మధ్య దూరం చూడగల అధికారం ఈ తాలూకాలో తమకే ఉన్నది. శిక్ష వేయక తప్పదంటే, తల తిప్పరాదని నియమం పెట్టిన నాకు వేయవలసినది. నన్ను మిలిటరీవారు పిలిచే ప్రమాదం లేదు. కుర్రవానికి సర్టిఫికెట్టు ఇప్పించి, ఆ కర్రను గుడ్డతో సహా, సిపాయి జాబు వచ్చేదాకా ఏదో ఒక మూల ఉండనివ్వవలసినది. మేము వేరే కర్ర చూసుకొంటాము.

పై సంగతులన్నీ చిత్తగించవలెను. గురువారానికి ముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పెంచలనరసయ్య

తా.క.: ఇది కవరులో పెట్టబోతుండగా మాలకొండమ్మ బండకిందపల్లె నుంచి నడిచి మా ఇంటికి వచ్చింది. ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. మంచినీళ్లు కూడా తాగలేదు. “నా కొడుకు కోసరం ఇంకో తల్లి కొడుకును ఆపుతానా? గురువారం వచ్చి విప్పేస్తా” అన్నది. అంటున్నంతసేపూ చిరిగిన కొంగును వేలికి చుట్టుకుంటూనే ఉన్నది. బర్కతుల్లాకు కబురంది పరుగున వచ్చాడు.

“నువ్వు విప్పితే నేను పోను పెద్దమ్మా. ఆడ నీ కొడుక్కు ఏదన్నా అయితే, ఆ మిలిటరీ గుడ్డలు నేను ఎట్ట తొడుక్కునేది?”

“పిచ్చోడా, నువ్వు పోతే వాడికి తోడుంటావు గదరా.”

వాడు తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడిద్దరూ మా అరుగుమీద ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చొని ఉన్నారు. ఆమె విప్పితే వాడు పోడు. విప్పకపోతే కాగితం వాణ్ణి పోనివ్వదు. అంశాలూ నిబంధనలూ అటుంచండి అయ్యా. ఆమె మొండిది, మా మాట వినదు. ఆమె చెయ్యి ఆ ముడిమీద పడకముందే తమ సంతకం పడాలి. తమ కచ్చేరి పది గంటలకు గదా తెరిచేది. గురువారం ఆమె తెల్లారేసరికే మెట్లమీద ఉంటుంది. ఆ ఒక్కరోజు తమరు కాస్త పెందలాడే రండి.