ప్రకటన చదవని పెళ్లి

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున.

ప్రభువునందు నిద్రించిన రాజ్ కుమార్ భార్యను, చిల్లకూరు మండలంలో కాపురమున్న ఏసుమణిని, నేను రాసుకున్న వీలునామా ఇది. నాకు షుగరు ఉంది, మోకాళ్లు పట్టేస్తాయి. బుద్ధి మాత్రం స్థిమితంగా ఉంది. ఎవరూ బలవంతం చేయలేదు, పక్కన కూర్చుని చెప్పలేదు. నేను చదివింది అయిదో తరగతి. లాయరుగారు తన మాటల్లో రాసిస్తానన్నారు. నా మాటల్లోనే రాస్తాను, తప్పులుంటే దిద్దండి అన్నాను.

1. నా కొడుకు హెబ్రోను పోయిన వేసవిలో రొయ్యల గుంట దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు. పెళ్లి కాకుండానే పోయాడని ఊరంతా అనుకుంటోంది. పెళ్లయింది. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ముత్యాలయ్య కూతురు ఉష నా కొడుకు భార్య, నా కోడలు. ఈ కాగితంలో ఇంకేది కొట్టివేసినా ఈ మాట కొట్టివేయవద్దు.

2. నా భర్త కట్టిన రెండు గదుల ఇల్లు, దాని దొడ్డి, నా తదనంతరం సర్వహక్కులతో ఉషకు చెందాలి. ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నా ఇల్లు ఆమెదే. ఈసారి మాత్రం ప్రకటన చదివించుకోమని నా మాటగా చెప్పండి.

3. నా తెల్ల పెళ్లిచీర కూడా ఉషకే. మా సంఘంలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ మందిరంలో చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి. ఉష బాప్తిస్మం తీసుకోలేదు కనుక మా దగ్గర చదవరు. అందుకని నా కొడుకు కోవూరులో ఎవరో పాస్టరును పట్టుకుని, తలుపు మూసిన గదిలో, ప్రకటన లేకుండా పెళ్లి చేసుకున్నాడు. నా ట్రంకు పెట్టెలోని చీర తీసుకుపోయి ఆమెకు కట్టించాడు. నా కొడుకు భూస్థాపన అయిన కొన్నాళ్లకు ఆ పిల్ల చీర ఉతికి మడిచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కొంగు చిరిగితే నేను వేసిన కుట్టు నాకు తెలియదా. హెబ్రోనూ, పెట్టె తాళంచెవి ఎక్కడుంటుందో నీకొక్కడికే తెలుసు. అడిగుంటే ఇస్త్రీ చేసి ఇచ్చేదాన్ని కదా నాయనా.

4. ఆ మూసిన తలుపు లోపల సాక్షిగా నిలబడింది నా సొంత తమ్ముడు క్రీస్తురాజు, మా సంఘపెద్ద. "అక్కకు నేను నిదానంగా చెప్తా లేరా" అన్నాడంట. చెప్పలేదు. చెప్పకపోగా, పెళ్లయిన పిల్లవాడికి నేను సంబంధాలు వెతుకుతుంటే నాతోపాటు ఊళ్లు తిరిగాడు. నాయుడుపేటలో పిల్లను చూసి, "ఎర్రగానే ఉంది గానీ కొంచెం పొట్టి అక్కా" అని వంకపెట్టి, వాళ్లిచ్చిన మురుకులు స్టీలు డబ్బా నిండా కట్టించుకుని వచ్చాడు. నా కొడుకు దారంతా తల వంచుకుని కూర్చున్నాడు. సిగ్గనుకున్నాను.

భూస్థాపనకు ఉష వచ్చింది. "ఎవురబ్బా ఈ పిల్ల?" అని మా పక్కింటి పేరమ్మ అడిగితే, క్రీస్తురాజు "ఎవురో లేమ్మా, రొయ్యలు ఒలిచే షెడ్డులో పిల్ల. వెనక్కి పో పాపా, ఇంటోళ్లు మన్ను వేయాల" అన్నాడు. నా చెవులతో విన్నాను. ఆ పిల్ల అతని మొహం చూసి వెనక్కి జరిగింది. ప్రకటన లేని పెళ్లి జరిపించాడని తెలిస్తే అతని పెద్దరికం పోతుంది. అదీ భయం. తర్వాత నేను నిలదీస్తే, "నువ్వు తట్టుకోలేవనే అక్కా" అన్నాడు. కొడుకును మట్టిలో పెట్టి తట్టుకున్నదాన్ని, కోడలు వస్తే తట్టుకోలేనా.

ఆ మురుకుల డబ్బా క్రీస్తురాజుకు ఇస్తున్నాను. మూత ఇంకా గట్టిగానే ఉంది.

5. నా కూతురు ఫేబీకి కమ్మలు, కుట్టుమిషను. ఇల్లు వదినకు రాస్తున్నానంటే, "ఆమెకు ఇల్లన్నా ఉండనీ మా" అంది. ఈ వీలునామా నడిపించే బాధ్యత ఫేబీదే. మేనమామ వచ్చి ఏడుస్తాడు, బాగా ఏడుస్తాడు. కరగవద్దు.

6. నా భూస్థాపనలో మొదటి పిడికెడు మన్ను ఉష వేయాలి. మొగుడికి వేయనివ్వలేదు. అత్తకైనా వేయనివ్వండి.

7. నేను పోయాక మూడు ఆదివారాలు, పెళ్లి ప్రకటనలు చదివే వేళకు, మా మందిరంలో ఇది చదవాలి: "రాజ్ కుమార్, ఏసుమణిల కుమారుడు హెబ్రోనుకు, ముత్యాలయ్య కుమార్తె ఉషకు వివాహం జరిగింది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పవచ్చు." బతికుండగానే చదివించమని అడిగాను. పెద్దలు ఒప్పుకోవాలన్నారు. పెద్ద నా తమ్ముడే. పోయినవాళ్ల ఆఖరి మాట కాదనరని ఇందులో రాస్తున్నాను. చదివిన వెంటనే పాట ఎత్తుకోవద్దు, కాసేపు ఊరుకోండి. నా తమ్ముడు ముందు బెంచీలో కూర్చుంటాడు. ఉషను కూడా ఆ బెంచీలోనే కూర్చోబెట్టండి.

8. సాక్షులు ఇద్దరు చాలని లాయరుగారు అన్నారు. మూడో చోటు నేనే అడిగి పెట్టించాను. క్రీస్తురాజును పిలిచి ఇదంతా చదివి వినిపించాను. "ఆలోచించి పెడతాలే అక్కా" అని చెప్పులు వేసుకుని పోయాడు. తలుపు మూసి పెట్టిన సాక్షి సంతకం తలుపు తీసి కూడా పెడితే, డబ్బా సంగతి కొట్టివేసి, నా భర్త బైబిలు అతనికి ఇవ్వండి.

ఇంతకుముందు నేనేమీ రాయలేదు. ఇదే మొదటిది, ఇదే చివరిది.

2025 నవంబరు 9, ఆదివారం, ఆరాధన అయిన తర్వాత.

(సంతకం) ఏసుమణి

సాక్షులు:
1. జ్ఞానప్రకాశం (సంతకం)
2. పేరమ్మ (వేలిముద్ర)
3. క్రీస్తురాజు, ఏసుమణి తమ్ముడు ........................