మార్గరెట్‌గారి అన్నయ్య నంబరు

గురువారం రాత్రి, ఎడిన్‌బర్గ్

ఇవాళ వార్డులో కొత్తగా చేరిన మార్గరెట్‌గారి ఫారం నేనే నింపాను. తొంభై ఆరేళ్లావిడ. ఏదైనా జరిగితే ఎవరికి కబురు చెయ్యాలని అడిగితే అన్నయ్య పేరు చెప్పారు. ఫోన్ నంబరు అడిగాను.

"నంబరు లేదు డాక్టర్. యుద్ధంలో విమానం తీసుకుని వెళ్లాడు. ఆచూకీ తెలియడం లేదని టెలిగ్రాం వచ్చింది. చనిపోయాడని ఎవరూ రాయలేదు కదా!"

మనవైపైతే పన్నెండేళ్లు చూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసేవారు. ఏడవడానికి ఒక రోజంటూ ఉండేది. ఈ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఎనభై ఏళ్లుగా ఎదురుచూస్తున్న మనిషికి చెప్పడానికి నేనెవర్ని?

"ఆ గడి ఖాళీగా వదిలేయండి," అంది నర్సు. ఒళ్లు మండింది. అన్నయ్య పేరు గుండ్రంగా రాసి, నంబరు దగ్గర గీత పెట్టాను.

ఇంటికొచ్చాక మా పేట డాక్టరు క్లినిక్ వాళ్లిచ్చిన నా ఫారం తీశాను. నెలరోజులుగా అదే గడి దగ్గర ఆగి ఉంది. సుధ పేరు రాశాను. విడాకులై నాలుగేళ్లు. తన నంబరు నాకింకా నోటికొచ్చు.

అక్కడ కూడా గీతే పెట్టాను.